ఊబిలో జల్లెడాకు

1951 నవంబరు 19, రాజోలు సబ్ మేజిస్ట్రేటు గారి ఎదుట.

నా పేరు పోలమ్మ. వయస్సు సుమారు ముప్పై ఎనిమిది. చేపలు పట్టి అమ్ముకుంటాం. కాపురం దిండి దగ్గర పాతపాయ రేవు. నా భర్త పేరు నేను పలకను. మరిది ధనరాజు చెప్పగా బంగారరాజు అని రాశారు. ఆయన మొన్న గురువారం పాతపాయ మడుగులో, ఊబిలో దిగబడి చనిపోయారు.

ఆ మడుగులో జల్లెడాకు అనే నీటిమొక్క ఉంది. ఆకు నిండా చిల్లులు. ఇంకెక్కడా దీన్ని చూడలేదని కాకినాడ నుంచి వచ్చిన కాలేజీ మేష్టారు అన్నారు. ప్రతి వరదకీ మడుగులో ఊబి చోటు మారుతుంది. జల్లెడాకు గట్టి నేల ఉన్న చోటే మొలుస్తుంది. మావాళ్లు ఆకు చూసి కాలు పెడతారు.

మా ఊరి పెద్ద ఆసామి కేశవరావు గారు మడుగు ఎండగట్టి వరి వేయాలని కాలువ తవ్విస్తున్నారు. నా భర్త అడ్డుపడి అర్జీ పెట్టారు. పోయిన ఆదివారానికి ముందు ఆదివారం కేశవరావు గారు గట్టు మీద నన్ను ఆపారు. ఎప్పుడూ నాతో మాట్లాడని మనిషి.

"ఈ ఆకు చూసుకుంటా నడుస్తారెందుకే పోలమ్మా?"

"ఆకున్న చోట ఊబుండదండి. పిల్లలు కూడా దాన్ని నమ్మే దిగుతారండి."

చెప్పినది నేనే. ఆయన నవ్వి, "నీ మొగుడు నీళ్లొదలనంటున్నాడుగా, నీళ్లల్లోనే ఉండమను" అన్నారు.

మంగళవారం ఆయన మనుషులు మొక్కలన్నీ పీకేశారు. గురువారం తెల్లవారి చూస్తే తూర్పు వైపు కొన్ని దుబ్బులు నిలబడి ఉన్నాయి. నా భర్తకు పట్టరాని సంతోషం. "మన ఆకు అటు పాకిందే! ఇంక మడుగు చావదే" అంటూ చేపలు పట్టే ఊత బుట్ట పట్టుకుని దిగారు. కొద్ది అడుగుల్లోనే నడుము దాకా పోయారు. ధనరాజు తాడు తెచ్చేసరికి వెదురు ఊత ఒక్కటే పైన ఉంది. సాయంత్రం గడలతో శవాన్ని తీశారు. కాలివేళ్లకు జల్లెడాకు చుట్టుకుని ఉంది.

తాగి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఆయన ఆ పొద్దున తాగింది గంజి. నేనే పోశాను.

ధనరాజు వెళ్లి అడిగితే కేశవరావు గారు, "మేష్టారు బతికించమన్నారు, నాటించేను" అన్నారట. నాటినవాళ్లు దోనె మీద నుంచే నాటారట, ఒక్కరూ నీళ్లలో దిగలేదట. గట్టి నేలైతే దోనె ఎందుకు?

ఆ మొక్క ఊబిలో బతకదు. ఇప్పటికే ఆకులు పసుపుబారాయి. వారంలో కుళ్లిపోతాయి. లోకంలో మిగిలినవి అవే, నాకున్న సాక్ష్యమూ అవే. తమరు వెంటనే వచ్చి కళ్లారా చూడాలి.

నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఇందులో అబద్ధం లేదు.

పోలమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

ఉత్తర్వు: స్థలం చూడడం డిసెంబరు 17కు వాయిదా.