నడుం కొలత

1983 మే నెల. మహబూబాబాద్‌లో ఒక దవాఖాన గది. డాక్టర్ సుమిత్ర, బియ్యం మిల్లు హమాలీ భద్రు, అదే మిల్లులో నూకలు ఊడ్చే అతని భార్య గంగాబాయి.

"ఇంకా వంగు, భద్రన్నా."

"గంతేనమ్మా. ఇగ వంగదు."

"జర కోషిష్ చెయ్యి."

"పడిపోతడు డాక్టరమ్మా. పొద్దుగాల అంగీ గూడ నేనే తొడిగిన."

"నువ్వు ఆగు, గంగక్కా. భద్రన్నా, నీ నడుం మీద రెండు గీతలు పెట్టిన. వాటి మధ్య పది సెంటీమీటర్లు. మంచిగున్న మనిషి వంగితే గది పదిహేను అయితది. నీది పదకొండు కాడనే ఆగింది. లే. మల్లొకసారి."

"మల్లనా?"

"మూడుసార్లు కొలవాలె. ఎవలకైనా గట్లనే."

"మిల్లు పంపిన డాక్టరు కొలవనే లేదమ్మా. కుర్చీలకెల్లి లేవకుండనే నాటకం అని రాసిచ్చిండు."

"ఇంకో డాక్టరు వీడు జన్మల లేవడని రాసిండు. ఇద్దరు రెండు తీర్ల రాస్తే జడ్జి ఎవల మాట నమ్మాలె? గందుకే నా కాడికి పంపిన్రు. జనగామల కొలిచినా, భూపాలపల్లిల కొలిచినా, ఏ డాక్టరు కొలిచినా ఒక్కటే లెక్క రావాలె. వంగు."

"అబ్బ... అబ్బబ్బ..."

"పదకొండే. సరే, బల్ల మీద కూసో. మోకాలు సూస్త. కాలు సక్కగ సాపు."

"ఓ యాడీ! ఓ యమ్మా!"

"ఎందుకు ఎనకకు పడ్డవ్? నేను సూసేది మోకాలే గద."

"మోకాలు మంచిగనే ఉన్నదమ్మా. కాలు సాపితే నడుంల కత్తి దిగినట్టయితది."

"నాటకమాడేటోడైతే మోకాలు సంగతే అనుకొని సక్కగ కూసుండేటోడు. నీది నాటకం గాదు."

"గా ముక్క రాయి తల్లీ! గదే రాయి!"

"రాస్త గంగక్కా. ఇగ ప్రశ్నలు అడుగుత. 'గత పన్నెండు నెలల్లో మీ నడుములో నొప్పి వచ్చిందా?'"

"గత అంటే?"

"పోయిన."

"మరి పోయిన అనొచ్చు గదమ్మా."

"మాటలు మార్చొద్దు. మా నడుం నొప్పుల సర్వేల రాయి కొట్టేటోళ్లనైనా, కట్టె మోసేటోళ్లనైనా గివ్వే మాటలతోని అడుగుతున్నం. ఒక్కొక్కలం ఒక్కో తీరు అడిగితే జవాబులు కలువయి. వచ్చిందా?"

"వచ్చింది."

"'నొప్పి ఎప్పుడు, ఏ పని చేస్తుండగా మొదలైంది?'"

"పని జేస్తుంటే గాదు. పండుకుంటే."

"నిద్రలనా?"

"పండబెట్టిన్రు."

"ఎవలు?"

"చెప్పయ్యా. నువ్వు నోరు మూసుకుంటే వాళ్ల మాటనే నిజమైతది."

"నువ్వు ఊకో, గంగా... దేవదాసు, డాక్టరమ్మా. మిల్లు మేస్త్రీ. సచ్చిపోయిండు గద, గాయినే."

"నువ్వే సంపినవని కేసు పెట్టిన్రు, బెయిలు మీదున్నవ్. గా దేవదాసేనా?"

"ఆ. క్వింటాలు బస్తా అంటరు, నూట ఇరవై కిలోలు నింపుతరు. నేను ఒక బస్తా తీస్కపోయి అందరి ముంగట కాంటా మీద పెట్టిన. గంతేనమ్మా నేను జేసింది."

"తర్వాత?"

"నలుగురు పట్టుకున్నరు. నేల మీద బోర్ల పండబెట్టిన్రు. 'తూకం కావాల్నారా నీకు? నీ నడుంతోనే సూడు' అని బస్తా ఎత్తేసిన్రు నా మీద. మొదటిదానికి మొత్తుకున్న. రెండోదానికి ఊపిరి అందలే. మూడోదానికి..."

"చెప్పు, భద్రన్నా."

"లోపల చప్పుడైంది. ఎండిన కందికట్టె ఇరిగినట్టు. నాకే ఇనవడ్డది. దేవదాసు ఎక్కి పైన కూసున్నడు. బీడీ అంటించిండు. బీడీ అయిపోయేదాంక దిగలే."

"నేను కాళ్లు మొక్కిన డాక్టరమ్మా. నా జుట్టు పట్టి ఈడ్చి నూకల కుప్పల పారేసిండు. నోట్ల నూకలు, నెత్తురు. ఈ పన్ను అప్పుడు పోయిందే."

"...'నొప్పి వల్ల ఎన్ని రోజులు పనికి వెళ్లలేదు?'"

"పదకొండు."

"గీ నడుంతోని పన్నెండో నాడు పనికి పోయినవా?"

"పోలేదమ్మా, గుంజుకపోయిన్రు. తండాకొచ్చి మంచం మీదికెల్లి గుంజిన్రు. 'అందరి ముంగట తప్పు ఒప్పుకోవాలె' అన్నరు. మిల్లుల నిలబెట్టిన్రు. నిలబడలేకపోయిన. దేవదాసు బూటుకాలుతోని ఇగో, ఈడనే, నువ్వు గీత పెట్టిన కాడనే తన్నిండు. పడ్డ. మల్ల తన్నిండు. 'చాయ తాగొస్తం, అప్పటిదాంక ఆడనే పడుండు. మల్ల పండబెడుదం. ఈసారి నాలుగు బస్తాలు' అన్నడు."

"నాలుగు ఏస్తే సచ్చేటోడివి."

"గందుకే అన్నడమ్మా."

"తర్వాత?"

"అందరు చాయకు పోయిన్రు. దేవదాసు పోలే. పేర్చిన బస్తాల కింద నీడల కూసుండి ఆడికే చాయ తెప్పించుకున్నడు. గా వరుస ఇరవై బస్తాల ఎత్తు ఉండె, ముందుకు ఒరిగి ఉండె. కూలింది. అంతనే."

"ఊకెనే కూలిందా?"

"కూలింది."

"నువ్వు కొక్కెంతోని గుంజి కూల్చినవని వాళ్లంటున్నరు. అప్పుడు ఆడ ఇంకెవలున్నరు?"

"ఎవలు లేరు. నేనొక్కన్నే."

"నూట ఇరవై కిలోల బస్తాను వరుస కిందికెల్లి గుంజాల్నంటే వంగాలె, నడుం బిగబట్టాలె. పదకొండు కాడ ఆగిన నడుంతోని ఎవనితోనూ కాదు. గదే రాస్తున్న. అంకెలు ఏసి రాస్తున్న. ఏ డాక్టరైనా అచ్చి మల్ల కొలుసుకోనీ."

"అంటే... ఉరి తప్పినట్టేనా అమ్మా?"

"నువ్వు ఆ బస్తా గుంజలేదు. గిది ఎవ్వలు కాదనలేరు."

"గంగా, ఏడువకు. పా, పోదాం."

"ఆగున్రి. గంగక్కా, ఇందాక గోడ పట్టుకోని లేసినవ్. నీకు గూడ నడుం నొస్తదా?"

"ఆమెకేం లేదు డాక్టరమ్మా. పోతం."

"నిన్ను అడుగలేదు, భద్రన్నా. నీది కోర్టు పని, అయిపోయింది. గిది మా సర్వే. ఒళ్లు వంచి పని జేసే అందరిని అడుగాలె."

"ఆడోళ్లను గూడ కొలుస్తరా?"

"కొలుస్తం. దీంట్ల పేరు రాయం, నెంబరే. ఏం జెప్పినా ఈ గది దాటది."

"గంగా, పా అంటున్న!"

"నన్ను ఇప్పటిదాంక ఎవ్వలు అడుగలేదయ్యా. పోలీసులు అడుగలే, వకీలు అడుగలే. కూసో. అడుగు డాక్టరమ్మా."

"'గత పన్నెండు నెలల్లో మీ నడుములో నొప్పి వచ్చిందా?'"

"వచ్చింది. ఇప్పటిదాంక పోలే."

"'నొప్పి ఎప్పుడు, ఏ పని చేస్తుండగా మొదలైంది?'"

"ఈయన్ని మిల్లుకు గుంజుకపోయిన నాడు."

"ఏం ఎత్తినవ్?"

"ఎత్తలేదమ్మా. గుంజిన. కొక్కెం ఏసి, దేవదాసు ఎనకున్న అడుగు బస్తా గుంజిన."