బిగించకముందే గీసిన తెల్ల గీత

నా పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. వయసు యాభై నాలుగు. వృత్తి మెకానిక్కు. మా వీధిలో అసలు పేరు పెట్టి అడిగితే ఎవరూ చెప్పలేరు. జాకీ అంటే మాత్రం షెడ్డు దాకా తీసుకొచ్చి దిగబెడతారు. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు తప్ప వేరేవి ముట్టుకోను. చనిపోయిన వ్యక్తి మా అక్క భర్త, నాకు బావ. ఈ నెల మూడో తారీఖున ఇదే స్టేషన్లో ఒక వాంగ్మూలం ఇచ్చాను. అందులో ఒక ముక్క అబద్ధం. దాన్ని సరిచేయడానికి ఈ రోజు, ఇరవై నాలుగో తారీఖున, ఎవరూ పిలవకుండా నా అంతట నేనే వచ్చాను.

రెండో తారీఖు ఉదయం తొమ్మిదీ పదికి బావ బండి తెచ్చాడు. ఆ బండికి ఇరవై ఆరేళ్లు. బావ దాన్ని పెద్దబ్బాయి అనేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. గుంటలో పడితే ముందు వైపు టక్కుటక్కుమంటోందని, బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోందని చెప్పాడు. కిందకు దూరి చూశాను. కింది ఆర్ముల బుష్‌లు నాలుగూ పోయాయి. బుష్ అంటే ఇనప గొట్టంలో రబ్బరు. చక్రాన్ని పట్టుకునే ఆర్ము ఛాసీకి తగిలే చోట ఉంటుంది. ఆ రబ్బరు పగిలి పొడిపొడిగా రాలుతోంది.

"ఇన్నాళ్లు ఎలా నడిపావు బావా దీన్ని? నీకసలు ప్రాణం మీద తీపి లేదా?" అన్నాను.

"ఊరికే తిని కూర్చుంటున్నావని మీ అక్క ఒకటే పోరు. అందుకే నీకో పని తెచ్చాను, చెయ్యి" అని నవ్వాడు.

బండిని స్టాండ్ల మీదికి ఎత్తి చక్రాలు తీశాను. బోల్టులు తుప్పుతో కరుచుకుపోయి ఉంటే గ్యాసుతో వేడిచేసి ఊడదీశాను. పాత బుష్‌లను ప్రెస్సులో పెట్టి నొక్కి తీసి, కొత్తవి ఎక్కించాను. పన్నెండున్నరకు ఆర్ములు వాటి చోట పెట్టి, నట్లు చేత్తో తిప్పి వదిలాను. ఈ పనికి ఒక పద్ధతి ఉంది సార్, రాసుకోండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా నట్లు గట్టిగా బిగించకూడదు. బండి నేల మీదికి దిగి, దాని బరువు దాని మీద పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి నెల తిరక్కుండా చిరిగిపోతుంది. అలా బిగించాక నట్టునూ బోల్టునూ కలుపుతూ తెల్ల రంగుతో ఒక గీత గీస్తాను. గీత ఉందంటే బిగించినట్టు. ముప్పై ఏళ్లుగా అదే నా గుర్తు.

ఆ రోజు రంగు డబ్బా అడుగంటింది. మూత తీస్తే ఆరిపోతోంది. ఎలాగూ కింద పడుకునే ఉన్నాను కదా, మళ్లీ దూరడమెందుకని నాలుగు నట్లకూ ముందే గీతలు గీసేశాను. బద్ధకం. నడుం నొప్పి అని రాయకండి, బద్ధకం అనే రాయండి.

ఒంటి గంటా ఇరవైకి చక్రాలు ఎక్కించి బండి దించాను. అక్క క్యారేజీ పంపింది, తిందాం రమ్మని బావ పిలిచాడు. ఇద్దరం తిన్నాం. అక్క పెళ్లయిన కొత్తలో నేను ఆయన సైకిలు విప్పేసి, తిరిగి బిగించలేక ఏడ్చిన సంగతి చెప్పి బావ ఒకటే నవ్వు. నాకూ నవ్వు ఆగలేదు. రెండు గంటలకు చేతులు కడుక్కుని, లైటు పట్టుకుని బండి కిందికి వంగి చూశాను. నాలుగు గీతలూ కనిపించాయి. తెల్లగా, తిన్నగా, నాలుగూ కనిపించాయి. "అయిపోయింది బావా, ఇక తీసుకెళ్లు" అని తాళం నా చేత్తో ఇచ్చాను. అప్పుడు టైము రెండూ ఐదు.

రెండూ నలభైకి ఫోను వచ్చింది. వంతెన దిగే చోట ఎడమ చక్రం లోపలికి మడుచుకుపోయి, బండి గోడకు కొట్టుకుంది. నేను వెళ్లేసరికే బావ ప్రాణం పోయింది. అందరూ బావ దగ్గర ఉంటే నేను బండి కింద పాకాను. ఎడమ ఆర్ముకు వెనక బోల్టు లేదు. ముందు నట్టు వదులై, గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంది. అందరూ బావ దగ్గర ఉన్నారు సార్, నేను బండి కింద ఉన్నాను.

మర్నాడు మీ ముందు ఏం చెప్పానంటే, "ఇంకా బిగించాలి, ఆగు బావా అంటున్నా వినకుండా తాళం లాక్కుని వెళ్లాడు" అని. జైలుకు భయపడి చెప్పాను. మీరు రాసుకున్నారు.

అక్క ఆ మాట నమ్మింది. అప్పటి నుంచి కంట తడి పెట్టలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరి ముందూ బావను తిడుతోంది. "ఆగమంటే ఆగాడా? నన్ను దిక్కులేనిదాన్ని చేసి పోయాడు" అంటూ ఆయన ఫోటోను గోడవైపు తిప్పి పెట్టింది. బావకు తొందర లేదు సార్. టీ కూడా చల్లారాక తాగే మనిషి. నిన్న నాకు భోజనం వడ్డిస్తూ, "ఆయన చేసిన పనికి నువ్వెందుకురా ఇలా చిక్కిపోతున్నావు" అంది.

ఈ రోజు నాతో తనూ వచ్చింది. బండి కాగితాల పని అనుకుంది. బయట బెంచీ మీద కూర్చుని ఉంటే లోపలికి పిలిపించి, ఇంతవరకూ రాసింది ఆమెకు చదివి వినిపించమని కోరాను. రైటరు గారు చదివారు. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"అయితే ఆయన లాక్కెళ్లలేదా?" అని అడిగింది.

"లేదక్కా. నేనే ఇచ్చాను."

"ఇరవై ఒక్క రోజులు తిట్టానురా ఆయన్ని" అంది. అప్పుడు ఏడ్చింది. నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

మూడో తారీఖున నేను చెప్పింది కొట్టివేసి, దాని చోట ఇది ఉంచండి. ఇందులో ప్రతి మాటా నాదే, ప్రతి మాటా నిజమే. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. నాకు చదివి వినిపించారు, విని ఒప్పుకున్నాను.

సంతకం: జాకీ, మెకానిక్కు
సాక్షి సంతకం: మృతుడి భార్య