కమ్మికి కట్టిన గుడ్డలు

ధరూర్ దాటినాక, కృష్ణ మీద కట్టిన ఆనకట్ట పైన. ఆదివారం, ఎండ నడినెత్తికి వచ్చే వేళ. గేట్లకు కాపలా ఉండే లస్కర్ తిరుపతయ్య ముందు, వనపర్తి నుంచి భార్యతో విహారానికి వచ్చిన రాకేష్ నిలబడి అరగంటగా ఒకటే పాట పాడుతున్నాడు.

"ఒక్క గేటు, తిరుపతయ్యా. ఒక్కటే. అన్నీ ఎత్తమంటున్ననా?"

"ఒక్కటైనా గేటు గేటే సార్."

"డ్యాం నిండ నీళ్లున్నయి. కిందికి చుక్క వస్తలేదు. వనపర్తి నుంచి గోడ చూడనీకి వచ్చినమా మేము?"

"గోడ గూడ మంచిగుంటది సార్. పార్కు ఉంది. చేపల ఫ్రై ఉంది..."

"తిన్నం. పార్కుల జారుడుబండ విరిగింది. బోటు ఎక్కుదమంటె రిపేరుకు పోయిందన్నరు."

"రెండేండ్ల కింద పోయింది సార్. వస్తది."

"గీ రాళ్లేంది మరి? 'బోటు షికారు ప్రారంభం' అని ఒకటి, పక్కన 'పునఃప్రారంభం' అని ఒకటి!"

"రాళ్లు రెండు ఏసిండ్రు సార్. బోటు ఒక్కటే ఉండె."

"ఇగ ఈడ చూడనీకి ఏమున్నది?"

"'ఇక్కడ మొసళ్లు కలవు' అని బోర్డు ఉంది. అందరు దాని కాడ ఫోటో దిగుతరు సార్."

"దిగినం. మా ఆమె సింధూజకు రీల్ కావాలె. ఎనక గేటు నుంచి నీళ్లు దునుకుతుండాలె, ముందర ఆమె నిలవడాలె. ఎంతమంది చూస్తరో తెల్సా? మీ డ్యాంకే పేరొస్తది."

"డ్యాంకు పేరెందుకు సార్, నీళ్లుంటే సాలు. మొన్న మా ఊరి రైతులు వరి ఎండుతుంది, కాలువకు జర నీళ్లిడువుండ్రని వస్తె, అర్జీ పెట్టుకొమ్మన్నరు. పెట్టిండ్రు. అది ఇంక ఆఫీసులనే ఉంది."

"నేను అర్జీ పెట్టాల్నా? ఇందాక నీతోని ఫోన్ల మాట్లాడింది ఎవరో ఎరికేనా? మా మేనమామ. జిల్లాల ఆయన మాటంటే..."

"ఎరికే సార్. నిలవడే మాట్లాడిన. చెప్పులు గూడ ఇడిసిన."

"ఏమన్నడు?"

"'మా వాడు అడిగింది చెయ్యి' అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"'అట్లనే సార్' అన్న."

"మరి చెయ్యి!"

"చేస్త సార్. చెయ్యనని అన్ననా? జర ఆగుండ్రి. గేటు ఎత్తేముందు సైరన్ కొట్టాలె. కింద నీళ్లల్ల ఎవరన్న ఉంటె ఒడ్డెక్కుతరు."

"కొట్టు."

"మోగదు సార్. ముందటేడు ఎండకాలం నుంచి మోగుతలేదు. రాసి పంపినం."

"మోగని సైరన్‌ను కొట్టుడేంది?"

"అందుకే సార్, ఈ గుడ్డలు."

"ఏ గుడ్డలు? ఈ గోడ మీది కమ్మికి కట్టిన ఇయ్యా? మొక్కులు గావా ఇవి? మా ఆమె దండం గూడ పెట్టుకున్నది!"

"అందరు గట్లనే అనుకుంటరు సార్. పోయిన వారం ఒకామె కొబ్బరికాయ కొట్టింది. ఇవి మొక్కులు గావు. కింద మడుగుల చేపలు పట్టనీకి పుట్టి, గదే గుండ్రటి బుట్ట పడవ, ఎక్కెటోళ్లు, ముందుగాల ఈడికొచ్చి మనిషికో గుడ్డ కడ్తరు. ఒడ్డెక్కినంక ఎవరి గుడ్డ వాళ్లే ఇప్పుకపోతరు. గుడ్డ ఉందంటె మనిషి నీళ్లల్ల ఉన్నట్టు. గుడ్డ ఉండంగ గేటు ఎత్తం."

"ఏ జీవోల ఉంది గిది?"

"జీవోల లేదు సార్. జీవోల సైరన్ ఉంది."

"ఆగు, ఆగు, మా ఆమె ఫోన్... హలో సింధూ! ఆఁ, ఎత్తుతుండు, అయిపోయింది... యాడున్నవ్?... మంచి జాగ దొరికిందా? యాడ?... చెప్పవా? సర్‌ప్రైజా?... హలో? హలో... పోయింది సిగ్నల్. చూసినవా, ఆమె రెడీ ఉంది!"

"అమ్మ యాడున్నరట సార్?"

"పార్కులనే ఉంటది. ఆమె సంగతి నీకెందుకు? స్విచ్చుల గది తెరువు. తాళంచెవి తియ్యి."

"తాళంచెవి..."

"ఏంది?"

"ఉంది సార్. యాడికి పోతది. చొక్క జేబుల ఉండె."

"నీ ఒంటి మీద ఉన్నది చొక్కనే గద!"

"ఇది వేరే చొక్క సార్."

"నాతోని పరాచికాలు ఆడకు. మామకు ఇంకో ఫోన్ కొడితె ఎల్లుండికల్ల మన్ననూర్ అడవిల ఉంటవ్. పులులకు తొట్లల్ల నీళ్లు పోసుకుంట బతుకుతవ్."

"పులులు నయం సార్, రీలు అడగవు. కోపం చెయ్యకుండ్రి. అగో, ఆ గుడిసెల చూసొస్త. రెండు నిమిషాలు."

"రెండంటె రెండే!"

రెండు నిమిషాలన్న తిరుపతయ్య పావుగంటకు వచ్చాడు. చేతిలో తాళంచెవి లేదు గానీ రెండు గ్లాసుల చాయ్ ఉంది.

"చాయ్ ఎవరడిగిండ్రయ్యా?"

"ఎండల నిలవడ్డరు గద సార్, జర గొంతు... సార్. గుడ్డలేవి?"

"ఏ గుడ్డలు?"

"కమ్మికి ఉండె గద సార్. గుడ్డలేవి?"

"ఇప్పిన. నీకు సాకు లేకుంట చేసిన. ఇప్పుడు గుడ్డ లేదు, అంటె నీళ్లల్ల మనిషి లేనట్టు. నీ రూలే. ఎత్తు."

"గుడ్డ ఇప్పితె మనిషి ఒడ్డెక్కుతడా? బుద్ధుందా నీకు?"

"ఏయ్! ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"గుడ్డలు ఇప్పినోనితోని మాట్లాడుతున్న! ఎన్ని ఇప్పినవ్? ఇటియ్యి. ఇటియ్యి ముందు!"

"మూడు. ఇగో, తీస్కో. మసిగుడ్డలకు ఇంత లొల్లి!"

"మూడా? పొద్దుగాల రెండే ఉండె. ఈ లుంగి పేలిక బక్కయ్యది. ఈ ఎర్ర రైక ముక్క మా... ఎంకమ్మది. ఈ పసుపుపచ్చది ఎవరిది?"

"నాకేం ఎరిక?"

"చున్నీ లెక్కుంది. కొత్తది. చీటీ గూడ తియ్యలే. గద్వాల దుకాణంది. తారీకు... ఇయ్యాల్టిదే."

"ఏది?"

"అంచుకు అద్దాలు కుట్టిండ్రు సార్. మా దిక్కు ఇసొంటిది ఎవరు కడ్తరు..."

"ఇటియ్యి. ఇటియ్యమంటున్న!"

"ఏమాయె సార్? అట్ల గుంజుకున్నరు?"

"గిది... గిది సింధూజది. పొద్దుగాల నేనే కొనిచ్చిన. ఆమెదే. సూడలే నేను. ఇప్పేటప్పుడు సూడలే."

"చేతులతోనే ఇప్పినరు గద సార్."

"ఫోన్ల మొఖం పెట్టి ఇప్పిన! ఆగు, మాట్లాడకు... హలో! సింధూ! యాడున్నవ్? నిజం చెప్పు... పుట్టిలనా? మడుగు నడుమనా?... ఏ ఎంకమ్మక్క?... నవ్వకు! నవ్వకంటున్న! ఒడ్డుకు రా, ముందు ఒడ్డుకు రా... రీల్ వద్దు, ఏం వద్దు... హలో! హలో!"

"ఎంకమ్మ పుట్టిల ఉన్నరా అమ్మ?"

"కింద నుంచి నీళ్లు మీద పడ్తున్నట్టు తీస్తదట! పుట్టి ఎక్కాలంటె పైకి పోయి గుడ్డ కట్టి రమ్మన్నదట ఎంకమ్మ. నేను మామతోని మాట్లాడుతుంటె నా ఎనక నుంచే వచ్చి కట్టిపోయిందట. ఒడ్డుకు రానీకి ఎంతసేపు పడ్తది?"

"పుట్టి బండి గాదు గద సార్. తిరుగుకుంట, తిరుగుకుంట రావాలె. అర్ధగంట."

"గుడ్డలియ్యి. నేనే కడ్త. మూడు కడ్త. ఈ ముడి... ముడి పడ్తలేదు తిరుపతయ్యా!"

"మూడింటిని కలిపి ఒకటే ముడి ఏస్తె యాడ పడ్తది. మీ ఫోన్ మోగుతుంది సార్."

"మామ... హలో మామా. లేదు మామా, ఎత్తలే... వద్దు మామా, అవసరం లేదు. గుడ్డలున్నయి... గుడ్డలు మామా, గుడ్డలు... అది రూల్ మామా. జీవోల లేదు, అయినా రూలే... నేనే అడిగిన, నేనే వద్దంటున్న... నీ పరువు ఏం పోతది మామా ఇందుల?... ఆయనకా? ఆయనకెందుకు... తిరుపతయ్యా, నీకియ్యమంటున్నడు."

"నమస్తె సార్... అట్లనే సార్... నిజమే సార్, ఒక్కసారి మాటిచ్చినంక ఎత్తకుంటె మీకు నామోషి... ఇప్పుడే ఎత్తుత సార్. అట్లనే సార్."

"ఎత్తుత అంటవేంది? మళ్ల చెప్పులిడిసి మాట్లాడినవ్ గదా! తిరుపతయ్యా, నీ కాళ్లు మొక్కుత. మామకు నేను చెప్పుకుంట. నువ్వు ఎత్తకు. తాళంచెవి దొరికితె నాకియ్యి, నీళ్లల్ల ఇసిరేస్త."

"అది పొద్దుగాల్నే నీళ్లల్లకు పోయింది సార్."

"ఏంది?"

"ఎంకమ్మ నా పెండ్లాం. పోయినేడు గిట్లనే ఒక పెద్ద సారు ఫోన్ చేసిండు, సుట్టాలొచ్చిండ్రు, ఒక్క గేటు ఎత్తు అని. కమ్మికి ఒక గుడ్డ ఉండె. చూసిన. చూసుకుంటనే ఎత్తిన. అది ఆమె తమ్మునిది. పుట్టి దొరికింది సార్. మనిషి దొరకలే."

"తిరుపతయ్యా..."

"అప్పటి సంది ఆమె నీళ్లల్లకు దిగిన పొద్దు తాళంచెవి నా కాడ ఉంచదు. బొడ్ల చెక్కుకొని పుట్టి ఎక్కుతది. ఇప్పుడు మీ ఇంటామె పక్కనే ఉంది, పదిలంగ."

"అంటే ఇంతసేపు నీ కాడ తాళంచెవే లేదా?"

"లేదు సార్. ఉంటే, మీ మామ మొదటి ఫోన్‌కే ఎత్తెటోణ్ణి."