కల్లం మీద పట్టా

అదిగో, నువ్వు కూడా మొహం తిప్పుకుంటన్నావు. తిప్పుకో అత్తా, ఊరంతా తిప్పుకుంది, నువ్వెందుకు మిగలాలి? నేను మాత్రం ఇయ్యాల నీ నోట ఒక్క మాట వినకుండా ఈ కల్లం దిగను.

నీ పని నువ్వు చేసుకో. పాలిపోయిన తాలుకాయ ఏరుకుంటానే విను. నేనిట్టా మంచం కోడు పక్కన కూచుంటా. అత్తా అంటే ఉలిక్కిపడతావెందుకు? కోర్టోళ్ళు విడాకుల కాయితం ఇచ్చారు గాని, నిన్నేమని పిలవాలో అందులో రాయలా. పెద్దమ్మా అందామంటే నోరు తిరగట్లా.

ఏందీ, కెమెరానా? చూశాలే. మిరపకాయల దొంగలు తిరుగుతన్నారని నీ కొడుకు గుంజకి కట్టించిందేగా. చూడనీ. దాంట్లో బొమ్మ పడుద్ది గాని మాట పడదంట. నా కొంప ముంచింది అదే.

ఇదుగో నోటీసు. గురజాల వకీలు చేత పంపించాడు నీ కొడుకు రవిచంద్ర. ఇంటికి పంపొచ్చుగా? అంగన్‌వాడీకి పంపించాడు. పిల్లలకి గుడ్లు పెడతా ఉంటే పోస్టుమాన్ వచ్చి సంతకం పెట్టమన్నాడు, తల్లులందరి ముందర. ధనలక్ష్మి లేదూ, మా సందు చివర ధనలక్ష్మి, మెడ సాచి మరీ చూసింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఏం రాశాడో చెప్పనా? మాజీ భార్య ఝాన్సీ పాత కక్షతో నా కల్లంలోకి జొరబడి, అప్పుడే కోసి పరిచిన పచ్చి కాయ మీద కావాలని టార్పాలిన్ పట్టా కప్పి, ఎండకి ఉడకబెట్టి, పంటంతా తాలు చేసిందంట. నష్టం నేను కట్టాలంట. కట్టకపోతే కోర్టులో దావా, స్టేషన్లో కేసు, రెండూ వేస్తాడంట. అందులో రాసిన డబ్బు నేను కళ్ళతో కూడా చూడలా అత్తా.

డబ్బు సంగతి దేవుడెరుగు. కేసు పడితే నా ఉద్యోగం ఉండుద్దా? సూపర్‌వైజర్ మేడం అప్పుడే ఫోన్ చేసి, ఏందమ్మా, నీ మీద ఏదో వచ్చిందంటగా అని అడిగింది. ఆ పిల్లలు, ఆ గుడ్లు, ఆ పలకలు, అవి కూడా లేకపోతే నాకింకేముంది? పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి నేను?

ఆ రోజేం జరిగిందో నీకు తెలీదా? నేను అంగన్‌వాడీ మూసేసి డొంక దారిన పోతన్నా. పడమట మబ్బు లేచింది. గాలి తిరిగింది, దుమ్ము లేచి కళ్ళల్లో పడింది. చూస్తే కల్లం నిండా కాయ ఎర్రగా పరిచి ఉంది. మనిషి లేడు. నీ కొడుకు మొదటి కోత కాయ ఏసుకుని గుంటూరు మిర్చి యార్డుకి పోయాడు. నువ్వేమో ఈ గుడిసె గుమ్మంలో లేవలేని మోకాళ్ళు పట్టుకుని, వెంకటేశ్వరా, వెంకటేశ్వరా అంటన్నావు. గుమ్మం కెమెరాకి కనపడదు. నేను మాత్రం కనపడ్డా. కొంగు నడుముకి దోపుకుని పట్టా లాగింది, చుట్టూ రాళ్ళు పెట్టింది, అంతా బొమ్మలో పడింది.

వాన వచ్చేటప్పుడు ఎవరి కల్లమని చూస్తారా ఎవరన్నా? మాటల్లేనోళ్ళు కూడా పరిగెత్తుకొచ్చి కప్పుతారు. గట్టు తగాదాలో మీ మీద కేసేసిన పున్నారావు, వాయిదా ఉన్న రోజునే వచ్చి మీ కల్లం కప్పి పోలేదూ? నేను కాపురానికొచ్చిన కొత్తలో నువ్వే చెప్పావు నాకు. చెప్పి, కాయకి పగ ఉండదే అన్నావు. ఆ మాట మర్చిపోయావా?

పున్నారావు కప్పితే మంచోడు. నేను కప్పితే కక్ష.

అవును, అన్నా. నరసరావుపేట కోర్టు మెట్ల మీద అన్నా, కాదనను. నీ పంట తాలైపోను అన్నా. అందరూ విన్నారు. సంతకాలయ్యాక నీ కొడుకు నా మొహం కూడా చూడకుండా బండి స్టార్ట్ చేశాడు. అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, పోయొస్తా అని కూడా అనలా. కడుపు మండింది, అన్నా. ఇప్పుడు కాయ నిజంగానే తాలైంది. ఇంక నన్ను నమ్మేదెవరు?

మా వకీలు గోపాలకృష్ణయ్య గారు పెద్దమనిషే. ఆయన కూడా కళ్ళజోడు తీసి, అమ్మా, విడాకులిచ్చినాయన కల్లంతో నీకు పనేంటమ్మా, జడ్జీగారు మొదట అడిగేది అదే అన్నాడు. అక్కడ ఇంకెవరన్నా ఉన్నారా అన్నాడు. ఉన్నారండీ, మా అత్త ఉంది అన్నా. ఆయన నా వంక అదోలా చూసి, ఆమె వస్తుందా అన్నాడు.

వస్తావా అత్తా?

నువ్వేమో నీ కొడుకుతో, నేను నిద్రపోయా, ఎవరు కప్పారో నాకు తెలీదు అన్నావంటగా. పున్నారావు చెబితే నమ్మలా నేను. నిద్రపోయావా? రాళ్ళు చాలకపోతే ఆ రోలు కూడా దొర్లించవే అని కేకేసింది నువ్వు కాదూ? ఎండ కాస్తే తీసెయ్యి అత్తా, పచ్చికాయ ఉక్కపోసుద్ది అని నేను చెప్పలా? నువ్వు తలూపలా? పో పో, చినుకులొస్తన్నాయి, తడవమాక అని నా మీద జాలిపడ్డావు కూడా.

ఆ నాలుగు చినుకులూ పడి పోయినయ్యి. తెల్లారి నుంచీ ఎండ దంచింది. ఆ రోజూ, మర్నాడూ. నీ కొడుకు తిరిగొచ్చి పట్టా లేపేసరికి లోపల ఆవిరి, బూజు, తెల్లగా పాలిపోయిన కాయ. కొట్టుకున్నాడంట నెత్తి. కొట్టుకోడా మరి, ఆరుగాలం చాకిరీ. ఆ చేలో నేనూ వంగి నాటినదాన్నే, ఆ నెప్పి నాకు తెలీదా?

నేనడిగేది ఒక్కటే. రెండ్రోజులు ఎందుకు తియ్యలా నువ్వు? లాగలేకపోతే డొంకన పోయేవాళ్ళని ఒక్క కేకేస్తే రారా? నీ కొడుకుకి ఫోన్ చెయ్యలేకపోయావా? చెప్పు. తిట్టు, కొట్టు, ఏదన్నా చెయ్యి, ఆ కాయలు వదిలేసి నా మొహం చూసి చెప్పు.

ఏందీ?

మళ్ళీ చెప్పు.

నేను వచ్చి తీస్తాననుకున్నావా.

కప్పినోళ్ళే తీస్తారు గదా అనుకున్నావా. పొద్దున్నే వచ్చుద్ది నా కోడలు అని, గుమ్మంలో కూచుని డొంక వంక చూశావా? మర్నాడు కూడానా? ఎవర్నీ పిలవలేదా? అయ్యో అత్తా. ఎందుకు చూశావే? నేను నీ కోడల్ని కాదని తెలీదూ నీకు?

ఏడవమాక. ఆ కారం చేతుల్తో కళ్ళు తుడుచుకోమాక, మండుద్ది. ఇదుగో, నా కొంగుతో తుడుచుకో.

ఇది నీ కొడుకుతో చెప్పలేవు, నాకర్థమైంది. చెబితే, దాని కోసం ఎదురు చూస్తా కూచున్నావా అని నిన్ను నాలుగూళ్ళు వినేట్టు తిడతాడు. ఈ వయసులో నువ్వు మాత్రం ఎక్కడికి పోతావు? ఆయన పెట్టే అన్నమే తినాలిగా.

నేను కూడా ఒకటి చెప్తా. వకీలుకి చెప్పలా, మా అమ్మకి చెప్పలా.

నేనొచ్చా అత్తా. మర్నాడు పొద్దున్నే, ఎండ పొడవగానే వచ్చా. అయ్యో, కాయ ఉడికిపోద్ది, అత్త లాగలేదు అని మంచం మీద నుంచి లేచిన దాన్ని లేచినట్టే వచ్చా. ఆ మలుపు దాకా వచ్చా. అక్కడ కుళాయి దగ్గర ఆడోళ్ళందరూ ఉన్నారు. ధనలక్ష్మి బిందె దించి, ఏమే ఝాన్సీ, నిన్న కప్పావంట, ఇయ్యాల ఆరబోస్తావా, కాపురం మళ్ళీ మొదలెట్టావా అంది. అందరూ నవ్వారు.

వెనక్కి తిరిగి పోయా. అంతే. ముందు రోజు మబ్బు చూడగానే నాకు కోర్టూ గుర్తు రాలా, కాయితమూ గుర్తు రాలా, మన కాయ తడిసిపోద్ది అనుకుని పరిగెత్తా. మన కాయ అనుకున్నా అత్తా. తెల్లారి ఆ నవ్వు విన్నాక గుర్తొచ్చింది, అది మనది కాదని. ఇది జడ్జీగారికి ఎట్టా చెప్పను? నీ కొడుకు కూడా అక్కడే నిలబడి వింటా ఉంటాడే. దానికంటే కక్షతో చేశానని ఒప్పుకుంటే నయం కదా?

పోతా ఇంక. నువ్వు సాక్ష్యానికి రావద్దులే. నేనడగను.

ఏందా చీకటి? ఇందాక దాకా ఎండ మాడ్చిందిగా. అటు చూడు, పడమట. చెట్లన్నీ ఊగుతన్నయ్యి. ఈ మూడో కోత కాయ కూడా పచ్చిదేనా? నిన్న కోసిందేనా? నీ కొడుకేడి? మాచర్లా? ఎప్పుడొస్తాడు?

నా వంక చూడమాక అట్టా. నేను ముట్టుకోను. ఆ కెమెరా కన్ను చూస్తా ఉంది పైనుంచి. ఒక నోటీసుకే దిక్కు లేదు నాకు.

పడ్డాయి అత్తా, చినుకులు.

లే. మోకాళ్ళు తర్వాత చూసుకుందువుగాని, లే. గుమ్మంలో కాదు, ఇటు రా, ఈ గుంజ ముందుకి రా. బొమ్మలో ఈసారి నువ్వు కూడా పడాలి. ఆ కొస పట్టుకో. గట్టిగా పట్టుకో, గాలి లాగుద్ది. రాళ్ళు నేను పెడతా.