చేసినవారి పేరు

వద్దు హెడ్లీ, ఆ పేరు రాయకు. ముందు ఆ పెన్ను కింద పెట్టు. పంపు కొట్టి ఒత్తిడి ముల్లు ఎనభైకి ఎక్కించింది నువ్వే కదా? పావుగంట కదలకుండా నిలబడితే బాయిలరు పాసన్నదీ నువ్వే. ఇంకా పది నిమిషాలుంది. ఈలోగా నా బాయిలరు మీద చచ్చిపోయిన మా ఆయన క్లెమ్ పేరు ఎందుకు ఎక్కిస్తున్నావో చెప్పు.

ఏంటీ, నా మంచి కోసమా? ఆహా!

మన బుల్లి ఆవిరి ఇంజన్ల క్లబ్బు రూలు నాకూ తెలుసయ్యా. కొత్తవాళ్ళు బాయిలరు చేస్తే, మూతలు అతికించకముందే తనిఖీ చేసేవాడికి లోపల చూపించాలి. మరి నేను నీకు రెండుసార్లు ఫోన్ చెయ్యలేదూ? ఈ షెడ్డులోకే వచ్చావు. టీ తాగావు. "క్లెమ్ లేతు మిషను జోలికి పోకు ఎనిడ్, వేళ్ళు తెగుతాయి" అని బుద్ధులు చెప్పి వెళ్ళావు. నా ఒళ్ళో ఉన్న రాగి గొట్టం వంక అసలు చూశావా? బిస్కెట్ల వంక మాత్రం చూశావు.

ఇప్పుడేమో లోపల చూడలేదు కాబట్టి, క్లెమ్ సగం చేసి పోయాడని రాద్దామంటావు. కమిటీ నోరెత్తదట, ఆదివారం నేనూ అందరితో పాటు ఇంజను నడుపుకోవచ్చట. ఎంత జాలో!

సగం కాదు, వీసమెత్తు కూడా ఆయన చెయ్యలేదు. గొట్టం కోసింది నేను, మూతలు సాగ్గొట్టింది నేను, వెండి టంకం వేసింది నేను. ఇంజనంటావా, ఒకటే సిలిండరు, అటూ ఇటూ ఊగుతుంది, అంతే. పిల్లల బొమ్మలా ఉందని మీవాళ్ళు నవ్వారట కదా? నవ్వుకోనీ. తిరుగుతుంది.

ఏమన్నావు? మళ్ళీ అను. క్లెమ్ చెయ్యి పడకపోతే అతుకు ఇంత గట్టిగా రాదా?

అయితే విను. నోట్లోంచి రానివ్వకూడదనే అనుకున్నాను, నువ్వే రప్పిస్తున్నావు.

ఆ బహుమతి కప్పు చూశావుగా, కిటికీలో. నిజమైన ఆవిరితో నడిచే ఇంజనుకే ఇస్తారు. పదకొండేళ్ళు వరసగా మా ఆయనకే వచ్చింది. ఆయన ఇంజను ఒక్కరోజు కూడా ఆవిరితో నడవలేదు!

అలా చూడకు. ఆవిరి ఒత్తిడి కాస్త పెరగగానే బాయిలరు అడుగు అతుకులోంచి నీళ్ళు కారి దీపం ఆరిపోయేది. అప్పట్లో బాయిలర్లు తనిఖీ చేసేది ఆయనే కదా, తన బాయిలరుకి తనే ముద్ర కొట్టుకున్నాడు. మరి ప్రదర్శనలో ఎలా తిరిగిందంటావా? బల్ల మీద గుడ్డ నేల దాకా వేలాడేది, గుర్తుందా? బల్ల వెనక నేను అల్లిక పట్టుకుని కూర్చునేదాన్ని. గుడ్డ కింద నా కాలు గాలి పంపు మీద. సైకిలు చక్రాలకి కొట్టేదే. సన్నటి రబ్బరు గొట్టం నేరుగా సిలిండరుకి. పొగగొట్టం వెనక వేడి టీ ఫ్లాస్కు మూత తీసి పెట్టేవాళ్ళం, ఆవిరి కనపడాలిగా! పంపు చప్పుడు బ్యాండువాళ్ళ బాకాల్లో కలిసిపోయేది. నువ్వే కదా ఒకసారి వంగి చూసి, "ఎంత నిదానంగా తిరుగుతోంది క్లెమ్, వెన్నలా ఉంది" అన్నావు! ఆ వెన్న నా పిక్కలయ్యా.

కప్పు పట్టుకుపోతారా? పట్టుకుపొండి. కమిటీకి చెప్తావా? చెప్పు. చేసినవారి పేరన్న చోట మాత్రం ఎనిడ్ బ్రాడ్‌బెంట్ అని రాయాలి. మీ కాగితం మీద ఆయన పేరు చూసి నవ్వుతూ ఇంజను నడపడం నా వల్ల కాదు. ఒకరి పని ఇంకొకరి పేరు మీద చూపించడం ఇప్పటికే చాలా చేశాను.

అతుకు ఎందుకు కారిందో నాకు తెలుసా అనా? తెలుసు. మొదటి రోజే తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళు బడి వంటింట్లో పనిచేశాను, మంట సంగతి నాకు ఒకరు చెప్పాలా? రాగి మొత్తం ఎర్రబడకముందే భయపడి మంట తీసేసేవాడు. టంకం పైపైన అంటుకునేది, లోపలికి పాకేది కాదు. విప్పి, శుభ్రం చేసి, ఇంకోసారి బాగా కాలిస్తే సరిపోయేది. ఒక్క పూట పని.

ఎందుకు చెప్పలేదా?

నువ్వు అడుగుతావని తెలుసు హెడ్లీ. ముల్లు చూడు, నా మొహం చూడకు.

ఏడాది పొడుగునా ఆయన ఈ షెడ్డులో, నేను వంటింట్లో. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, తిని మళ్ళీ ఇక్కడికే. ప్రదర్శన రెండు రోజులు మాత్రం నేను లేకపోతే ఆయనకి జరిగేది కాదు. బల్ల కింద బూటుతో నా కాలు తట్టేవాడు, ఇంకాస్త వేగంగా అని. ఎవరైనా మెచ్చుకుంటే మెల్లగా రెండుసార్లు తట్టేవాడు. అది నాకే.

అతుకు బాగుపడితే ఆ తట్టడం ఉండదు కదా. అందుకే నోరు మూసుకున్నాను.

తన ఇంజను సొంత ఆవిరితో తిరగడం చూడకుండానే పోయాడు. చూడనివ్వనిది నేనే.

పావుగంటయింది, ముల్లు కదల్లేదు. నా పేరు రాస్తే రాయి, లేకపోతే లేచి వెళ్ళు.