చక్రం తమ్ముడికి, పిడి అన్నకి

అది కాదురా రాయ్స్, నీకీ నీలం సూటు ఎవరు తొడిగారు? ఇది నీదేనా అసలు? ఊహ తెలిసినప్పటి నుంచీ భుజాల మీదికి పట్టీలుండే ఆ పొలం ప్యాంటు తప్ప ఇంకోటి వేసుకున్న పాపాన పోలేదు నువ్వు. నీ పెళ్ళికి కూడా అదే వేసుకొచ్చావు, కాకపోతే ఉతికింది. ఇప్పుడు చూడు, అప్పివ్వడం కుదరదని చెప్పబోయే బ్యాంకు మేనేజర్‌లా పడుకున్నావు.

బుగ్గలకి రంగు కూడా పూశాడు మిల్లర్డ్. శవాల్ని ముస్తాబు చేసే హాలు నడుపుతున్నాడు కదా, ఆ మాత్రం సరదా ఉండాలిలే. బతికుండగా నీ మొహాన ఇంత కళ నేనెప్పుడూ చూడలేదు.

సరే. తలుపు మూయించాను. బయట చర్చి ఆడవాళ్ళు, తుపాకుల క్లబ్బు వాళ్ళు ఆఖరి చూపుకి వరసలో నిలబడ్డారు. వాళ్ళొచ్చేలోపు తమ్ముడితో ఒక్క పది నిమిషాలు అన్నాను. మిల్లర్డ్ గుడ్ల నీళ్ళు కుక్కుకుని సరేనన్నాడు. పాపం, నేనేదో ఏడవడానికి వచ్చాననుకున్నాడు.

నేనేం ఏడవడానికి రాలేదు. చక్రం కోసం వచ్చాను.

ఆఁ, చక్రమే. అలా కళ్ళు మూసుకుని పడుకుంటే నాకు తెలీదనుకున్నావా? డోరీన్ చెప్పేసింది. పొద్దున్న మీ ఇంటికెళితే కాఫీ పోస్తూ, "బావగారూ, దాన్ని ఆయన కోటు జేబులో పెట్టేశాను. తనతోనే పంపించమని ఆయనే చెప్పారు" అంది. పాలు కావాలా వద్దా అని అడిగినంత తేలిగ్గా అంది.

ఎవరి సొమ్మనుకున్నావురా అది?

నీ సొమ్మే, కాదనను. నాన్న నీకే రాశాడు. ఆ మాటకొస్తే మిస్సోరీ మొత్తం మీద ఒక్క రివాల్వర్ని ఇద్దరు కొడుకులకి పంచిన తండ్రి మన నాన్నొక్కడే. వీలునామా చదివే లాయరు అక్కడికొచ్చేసరికి ఆగిపోయి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు, గుర్తుందా? పిడీ గొట్టమూ పెద్దాడికి. తూటాలు దూర్చే చక్రం చిన్నాడికి. పొలం దగ్గర పేచీ రాలేదు, ఇంటి దగ్గర పేచీ రాలేదు. అరచేతిలో ఇమిడిపోయే ఆ చిట్టి ఇనప ముక్క దగ్గరొచ్చింది.

నాన్నని అని లాభం లేదులే. మనిద్దరం ఏనాడు ఒక మాట మీదున్నాం గనక? నేను ఎడ్డెమంటే నువ్వు తెడ్డెం. పాత తుపాకీ అంటే చేతులకి తెల్ల తొడుగులేసుకుని పట్టుకోవాలి, అద్దాల బీరువాలో పెట్టాలి, దాని మీద ఏళ్ళ తరబడి పట్టిన ఆ గోధుమరంగుని కన్నబిడ్డలా చూసుకోవాలి అని నేను. తుపాకీ పుట్టిందే పేలడానికి, పేలనిది కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు అని నువ్వు. నీ చేతికిస్తే పగిలేదాకా కాలుస్తావు. నా చేతికిస్తే పెట్టిలోంచి తియ్యను. అందుకే ముసలాయన విడదీసి చెరో ముక్క చేతిలో పెట్టాడు.

దాని ఫలితం ఎవడనుభవించాడు? నేను. నా బీరువాలో చిట్టి రివాల్వర్లన్నీ వరసగా, పెళ్ళికొచ్చిన చుట్టాల్లా కూచునుంటాయి, మధ్యలో ఇదొక్కటి కడుపు ఖాళీగా. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ దీని దగ్గరే ఆగుతాడు. దీని చక్రమేదండీ అని అడుగుతాడు. ఏం చెప్పను? రోడ్డుకి అవతలింట్లో మా తమ్ముడి భోజనాల బల్ల మీదుంది, అందులో పళ్ళు కుట్టుకునే పుల్లలు నిలబెట్టుకున్నాడని చెప్పనా?

పుల్లలు, రాయ్స్. నూటయాభై ఏళ్ళనాటి చక్రంలో.

అది చాలదన్నట్టు, ఏడు కన్నాలున్నాయి కదా అని నీ పుట్టినరోజుకి డోరీన్ వాటిలో చిన్న చిన్న కొవ్వొత్తులు గుచ్చి కేకు మధ్యలో పెట్టింది. మైనమంతా కారి కన్నాల్లోకి పోయింది. ఆ రోజు నేను మీ కిటికీలోంచి చూశాను. అవును, చూశాను, అయితే ఏం? మాటల్లేవు గనక లోపలికి రాలేదు. ఇంటికెళ్ళి గుండె పట్టుకుని కూచున్నాను.

నవ్వకు. నువ్వు నవ్వితే ఆ రంగు పగులుతుంది.

డోరీన్‌ది మంచి మనసు. ఒక క్రిస్మస్‌కి నా మీద జాలిపడి, నీకు తెలియకుండా ఆ చక్రాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి పంపింది. నేను తిరిగి ఇచ్చేశాను. బిస్కెట్లు మాత్రం ఉంచుకున్నాను. దొంగసొమ్ము నాకక్కర్లేదమ్మా అన్నాను. తను నన్ను ఎగాదిగా చూసి, మీ అన్నదమ్ములిద్దర్నీ ఒకే రోజు పిచ్చాసుపత్రిలో చేర్పించాలి అని వెళ్ళిపోయింది.

ఏడాదంతా మనకి మాటల్లేవు. సెప్టెంబరులో క్లబ్బు పందెం వచ్చేసరికి మాత్రం తప్పదు. పాతవే తేవాలి, చిన్నవే తేవాలి, పాతకాలపు నల్ల తుపాకిమందే కూరాలి. ఇప్పటి తూటా పెడితే ఆ ముసలి ఇనుము బద్దలైపోతుంది. అందుకని నువ్వు చలికాలమంతా వంటింట్లో కూచుని, ఒక్కో తూటా మూతి ఊడదీసి, లోపలి మందు పారబోసి, చిటికెడు ఆ నల్ల తుపాకిమందు పోసి మళ్ళీ బిగించేవాడివి. ఆ డబ్బా మిరియాల డబ్బా పక్కన పెట్టొద్దని డోరీన్ నెత్తీ నోరూ బాదుకునేది.

పందెం రోజున నీ ట్రక్కు వెనక తలుపు దించి నేను తువ్వాలు పరిచేవాణ్ణి. నేను పిడి పెట్టేవాణ్ణి, నువ్వు చక్రం పెట్టేవాడివి. గొట్టం పైకెత్తి, చక్రం దూర్చి, గొట్టం దించితే టక్కుమనేది. మనకి పలకరింపు అదే.

కంచె మీద ఉప్పు బిస్కెట్లు నిలబెట్టి కాల్చేవాడివి. ఏడింటికి ఏడూ ఎన్నడైనా తగిలాయా? దాని జోరు కూడా అంతంత మాత్రమేలే. ఒక ఏడు నువ్వు కాల్చింది కంచె దాటి పోయి గుమ్మడికాయలో దిగబడింది. ఆ గుమ్మడికాయే చర్చి విందులో తీపి రొట్టె అయి పాస్టరుగారి పళ్ళెంలోకొచ్చింది. ఆయన కటుక్కున కొరికి, తన పంటి గుంటలో పూడ్చిన వెండి ఊడొచ్చిందనుకుని రుమాల్లో భద్రంగా మూటకట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరు దాన్ని మళ్ళీ అతికించబోయాడట కూడా. ఇద్దరం విన్నాం, ఇద్దరం నోరు మూసుకున్నాం. మనిద్దరం ఒక్కటైన సందర్భం అదొక్కటే.

"ఎడమకి పోతోంది" అనేవాణ్ణి నేను. "నీ పిడే వంకర" అనేవాడివి నువ్వు. ఏడాది మొత్తానికి మన మాటలు అంతే. కాల్చడం అయ్యాక, మసి పట్టినదాన్ని తువ్వాలు మీద పడేసి నువ్వు సాండ్విచ్ తినడానికి పోయేవాడివి. ఆ తుపాకిమందు మసి ఒక్క రాత్రి ఉంచితే చాలు, ఇనుముని తినేస్తుందని తెలిసి కూడా. వేణ్ణీళ్ళు, బ్రష్షు, నూనె, అన్నీ నేనే. చక్రం కూడా నేనే తుడిచేవాణ్ణి. మీ మైనం కూడా నేనే గీకేవాణ్ణి. జన్మలో ఒక్కసారైనా తుడిచావురా నువ్వు?

మా ఆవిడ ఎల్వా పోయిన రోజున వచ్చావు. ఒక్క మాట లేదు. వంటింట్లో దూరి, పేరుకుపోయిన గిన్నెలన్నీ కడిగి వెళ్ళిపోయావు. ఓహో, వీడికి కడగడం వచ్చన్నమాట అనుకున్నాను. ఆ ఒక్క రోజే నువ్వంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాటికి మళ్ళీ మామూలే.

సరే, టైమవుతోంది. జేబు చూడనీ.

తలుపు మీద బోర్డు చూశాలే, లోపలికి తుపాకులు తేరాదని. మిల్లర్డ్ నా కోటు ఉబ్బు చూసి అదేమిటన్నాడు. తీసి చూపించాను. "చక్రం లేనిది తుపాకీ ఎలా అవుతుంది నాయనా, మేకు కొట్టుకోడానికి కూడా పనికిరాదు" అన్నాను. కాసేపు ఆలోచించి నిజమేనన్నాడు. చక్రం లోపల నీ జేబులో ఉందని వాడికేం తెలుసు?

ఇదిగో, దొరికింది. చల్లగా ఉంది. ఇదేమిట్రా, ఇంత బరువుంది?

ఏడు కన్నాల్లోనూ ఏడు తూటాలు.

ఓరి నీ అసాధ్యం కూలా. ఈ ఏటి పందేనికా? ఈ వేసవి దాటవని డాక్టరు మొహం మీదే చెప్పాడు కదా నీకు. చెప్పాక కూడా కూచుని బిగించావా?

ఉండు, కాస్త కుర్చీ లాక్కోనీ.

నీకొకటి చెప్పాలి రాయ్స్. ఈ చక్రం ఆ పిడిది కాదు. చెక్క ఊడదీస్తే పిడి మీద ఒక అంకె ఉంటుంది, చక్రం మొహాన ఒక అంకె. రెండూ ఒకటైతేనే అసలు జత. ఇవి వేరు. నాన్న ఎక్కడో రెండు విరిగినవి తెచ్చి ఒకటి చేశాడు. మన ముత్తాత దీన్ని బూటులో పెట్టుకుని యుద్ధానికి పోయాడని కథలు చెప్పేవాడు చూడు, పిడి పోయిందేమో గానీ చక్రం మటుకు పోలేదు. మొదటి ఏడు తుడిచినప్పుడే చూశాను.

నాలాంటివాడికి అది చెత్త కింద లెక్క. ఇంకొకడి బీరువాలో చూస్తే నవ్వేవాణ్ణి. పైగా దీనికి సరిపోయే చక్రాలు నా సొరుగులో మూడో నాలుగో పడున్నాయి. ఎప్పుడనుకుంటే అప్పుడు ఒకటి బిగించి కడుపు నింపొచ్చు. బిగించలేదు. డోరీన్ పంపింది కూడా అందుకే ఉంచుకోలేదు.

ఎందుకంటావేమిటి? బిగించుకుంటే సెప్టెంబరులో నీ ట్రక్కు దగ్గరికి ఏ వంక పెట్టుకుని రాను?

మరి ఇప్పుడెందుకొచ్చానంటావా. ఇంక ట్రక్కు లేదు కదా. కనీసం ఇదైనా బల్ల మీద పెట్టుకుందామని వచ్చాను. అందులో నేను కూడా పుల్లలు నిలబెట్టుకునేవాణ్ణే. ఇలా నింపిపెట్టుకున్నావని తెలిస్తే రాకపోదును. నువ్వు నింపినవి నేను తీసి పారబోయలేను. కాల్చనూ లేను, జన్మలో ఒక్కటి కాల్చలేదు నేను. ఇంటికి పట్టుకుపోయి ఏం చేసుకోను, చెప్పు?

ఆ చెయ్యి కాస్త జరుపు. జరపవు. నీ చెయ్యి మొదట్నుంచీ మొండిదే.

తువ్వాలు తేలేదు, నీ టై మీద పెడుతున్నాను, ఏమనుకోకు. ఇది పిడి. ఇది చక్రం. గొట్టం దించుతున్నాను.

టక్.

విన్నావా? మిల్లర్డ్ కూడా విన్నట్టున్నాడు, తలుపు కొడుతున్నాడు. వస్తున్నా నాయనా, ఒక్క నిమిషం. ఇప్పుడిది తుపాకీ అయిపోయింది, బోర్డు లెక్కన నేను దొంగని. సూటు లోపల, పొట్ట పక్కన పెడుతున్నాను. గుండీ పడింది. ఈ సూటు దేనికో ఒకదానికి పనికొచ్చింది.

తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోనివాణ్ణిరా నేను. అలాంటిది నా చేతులతో నేనే మట్టిలోకి పంపుతున్నాను. రెండు వానలు పడితే తుప్పు తినేస్తుంది. క్లబ్బులో తెలిస్తే నా పేరు కొట్టేస్తారు.

పోనీలే. అక్కడ కంచె ఉంటుందో లేదో, బిస్కెట్లు నిలబెట్టేవాళ్ళుంటారో లేదో. ఉంటే మాత్రం కాల్చుకో. ఎడమకి పోతుంది, కాస్త కుడికి పట్టు.

కాల్చాక మసితో అలాగే పడేసి పోతావు, నాకు తెలుసు. పడెయ్. తుడవడానికి నేనొస్తాగా.