గొంతు పోయినంక కొన్న ఫోను

రేడియో కాదు బిడ్డా అది, ఫోను. ఫోటోల మా బావ చేతిల నల్లగ కనవడ్తుంది సూడు, గదే. వచ్చినోళ్లందరు రేడియో అనే అనుకుంటరు, మీద పుల్ల లెక్క ఏరియల్ ఉన్నది గద, అందుకు. కూసో, గా కుర్చి గుంజుకో. మీ అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాక మీ తాళం చెవి రాదు, మెట్ల మీద నిలవడి ఏం జేస్తవ్. గాయన పేరు పెద్దరాములు, మా అక్క సంగమ్మ మొగడు. మీరు మేడ మీదికి కిరాయికి రాకముందే పోయిర్రు ఇద్దరు. మా బావ, నేను ఒక్క ఫ్యాక్టరీలనే చేసినం, ఇనుము కాల్చి సుత్తెతోని సాగగొట్టే షాపుల. సుత్తె అంటె చేతి సుత్తె అనుకునేవ్, ఇల్లంత మిషిను. అది పడ్డప్పుడల్ల పటేల్‌గూడల గిన్నెలు గల్లుమంటుండె. గంత సప్పుడుల గూడ మా బావ "ఆపుర్రి!" అన్నడంటె ఆగుతుండె. అంటె మిషిను ఆగదు, మనిషి ఆగుతడు, ఇగ మనిషి ఆగితె మిషిను ఆగుతది. గసొంటి గొంతు. ఇంట్ల గూడ గదే గొంతు. పొద్దున లేస్తె ఆలుమొగలు కొట్లాట. దేనికంటవా? దేనికైన. పప్పుల ఉప్పు, బాయి కాడ బకీటు, చెప్పులు ఏడ విడిసినవ్. మా అక్క ఏం తక్కువ గాదు, గాయన ఒకటంటె ఈమె నాలుగంటది. పక్కింటి ముత్యమ్మ వాళ్ల కొట్లాట ఇనే పొయ్యి ముట్టిస్తుండె. గడియారం లేకుండె ఆమెకు.

రెండువేల రెండో మూడో, గప్పుడు మా బావ గొంతు గీరుకపోయింది. సలి జేసిందనుకున్నం. మిరియాలు నూరి ఇచ్చినం, తేనె ఇచ్చినం. ఒకాయన గాడిద పాలు తాగిపియ్యమన్నడు. గాడిదలు కంది ఊరి దిక్కు ఉన్నయన్నరు, పోయి సూస్తె వాళ్లు అమ్మేసుకున్నరు. మంచిదే అయింది, దొరికినా మా బావ తాగకపోతుండె. ఆఖరికి సిటీల క్యాన్సర్ దవాఖానకు తోల్కపోయిన. డాక్టరు లైటు పెట్టి సూసి, మాట వచ్చే పెట్టె ఉంటది, అది తీసెయ్యాలె అన్నడు. "తీసేస్తె ఏమైతది సార్?" అన్న. "బతుకుతడు" అన్నడు. "మరి మాట?" అన్న. "బతుకుతడు" అని మళ్ల గదే అన్నడు. తీసేసిండ్రు. మెడ కింద ఇంత తూటు, ఊపిరి అండ్లకెల్లే. ముక్కుతోని పనే లేదు ఇగ. తూటు మీద తెల్ల బట్ట కట్టుకుంటుండె, దుమ్ము పోకుండ. ఫ్యాక్టరీకెల్లి రిటైర్‌మెంట్ తీసుకున్నడు. ఇల్లు ఎట్లయిందంటవ్, చావు అయిన ఇల్లు గూడ అట్ల ఉండదు, చావు అయితె ఏడుపన్న ఉంటది. ముత్యమ్మ వచ్చి, "ఏమైంది సంగమ్మా, కొట్లాడుకుంటలేరు, పానం గిట్ల బాగలేదా?" అని అడిగింది పాపం. మా బావ పలక తెచ్చుకున్నడు. రాస్తడు, సూపిస్తడు. మా అక్కకు అచ్చరం ముక్క రాదు గద. గాయన "నీళ్లు" అని రాస్తె ఈమె పలకను అటు తిప్పి ఇటు తిప్పి సూసి, పోయి మామిడికాయ తొక్కు తెచ్చింది. గాయన పలకను గోడకేసి కొట్టిండు. కొట్టి, ఒర్రుదామని నోరు తెరిసిండు. రాలే. గప్పుడు మా అక్క భయపడ్డది. దవాఖానల భయపడలే, గప్పుడు భయపడ్డది.

ఫోను ఏడికెల్లి వచ్చిందంటవా? చెప్తున్న, ఆగు. మా షాపు మేనేజరు సూర్యప్రకాశరావు సారని ఉండె. మంచి మనిషే, కోస్తా మనిషి. సింగపూర్ పోయినప్పుడు తెచ్చుకున్నడు. అది ఫోనూ అదే, డైరీ అదే. మూత లేపితె ఇంత అద్దం, అద్దం మీద రాయనీకె ప్లాస్టిక్ పుల్ల. మీకు ఇయ్యాల వేలు పెడ్తె పని అయితది, దానికి పుల్ల కావాలె. సారు దానితోని పడ్డ తిప్పలు గింతగాదు. చెవికి పెట్టుకుంటడు, "హలో" అంటడు, సెంప తాకి ఫోను కట్ అయితది. ఎండకాలమైతె సెమట తాకి తానే ఎవరికో ఫోన్ కలుపుతది. వాళ్ల మేడం, కావాలనే కట్ జేస్తున్నడు ఈయన అని అలిగి పుట్టింటికి పోయింది. ఒక్కోపారి మీటింగుల బిగుసుక పోతుండె, ఎనక చిన్న తూటు ఉంటది, అండ్ల పిన్నీసు పెట్టి ఒత్తాలె, అప్పుడు లేస్తది. జేబుల పిన్నీసు లేకుంటె సారు మా షాపుకు ఉరికొస్తుండె. అన్నిటికన్న అన్యాలం ఏందంటె, ఛార్జింగ్ మొత్తం అయిపోయిందనుకో, అండ్ల రాసుకున్నదంత తుడుసుక పోతది. పేర్లు, నంబర్లు, అన్ని. పుట్టిన పోరి లెక్క మళ్ల కొత్తగ అయితది. గా ఫోను పట్టుకోని సారు మా బావను సూడనీకె వచ్చిండు. ఏం మాట్లాడాలెనో తెల్వక ఫోను తీసి సూపిచ్చిండు. మా బావ పుల్ల గుంజుకోని అద్దం మీద గీసిండు. తెలుగుల రాస్తె తెలుగులనే పడ్డది, బొమ్మ గీస్తె బొమ్మనే పడ్డది. గీకితె పోయింది, మళ్ల రాసిండు: "సార్, ఇది నాకు అమ్ము." సారు మొఖం సూడాలె నువ్వు. తన బుట్టలున్న పాము ఇంకోని బుట్టల వడ్డట్టు సంబురం.

గల్లీల అందరు నవ్విండ్రు. గొంతు పోయినోనికి ఫోనేందిర అని. బస్‌స్టాండ్ కాడ ఛాయ్ హోటల్ జంగయ్య, "కండ్లు లేనోడు టీవీ కొన్నట్టున్నది" అన్నడు. మా బావ నిమ్మలంగ పుల్ల తీసి రాసి గాయన ముంగట పెట్టిండు. ఏం రాసిండో ఎరికేనా? "నీ ఛాయ్ తాగెటోళ్లకు నాల్క ఉన్నదా?" జంగయ్య గ్లాసులు కడగనీకె లోపలికి పోయిండు. నేను అడిగిన, బావా, పలక మీద గూడ గదే రాస్తుంటివి గద, గింత పెట్టి కొనుడు ఎందుకు అని. రాసిండు: "పలక పట్టుకుంటె ఒకటో తరగతి. గిది పట్టుకుంటె ఆఫీసర్." నిజమే గద మరి. కని అసలు ముచ్చట అది గాదు. అచ్చరాలు రాని మా అక్కకు బొమ్మలు గీసుడు మొదలువెట్టిండు. బొమ్మలు ఏం బాగ రావు గాయనకు. కోడి గీస్తె చెంబు లెక్క ఉంటది. ఒకనాడు కూరల కారం ఎక్కువైందని బర్రె బొమ్మ గీసి, దానికి కొప్పు పెట్టి, ముక్కుపుల్ల పెట్టి సూపిచ్చిండు. మా అక్క సూసింది. సూసి, పుల్ల గుంజుకున్నది. జిందగిల కలం పట్టని మనిషి, ఒక కోతిని గీసి దాని మెడల తూటు పెట్టింది. ఇగ సూడు! పొద్దున లేస్తె పుల్ల కోసం గుంజులాట. ఈమె నోటితోని తిట్టుకుంట చేతితోని గీస్తది, గాయన మూగగ గీస్తడు. ముత్యమ్మ పొయ్యి మళ్ల టైముకు ముట్టింది.

ఫోన్ గూడ చేస్తుండె, నవ్వకు. ఇంట్ల ల్యాండ్‌లైన్ ఉండె. గాయన బయటికెల్లి కలిపి, మాట్లాడే కాడ పుల్లతోని కొడ్తడు. టక్ అంటె అవు, టక్ టక్ అంటె కాదు. మా అక్కనే మాట్లాడుతది. కూరగాయలు, గల్లీ కొట్లాటలు, ముత్యమ్మ కోడలు, అంత చెప్తది. అంతకు ముందు ఆమె చెప్పేది ఏనాడన్న సగం ఇన్నడా గాయన? మధ్యలనే ఒర్రుతుండె. ఇప్పుడు ఇనుడు తప్ప ఏమున్నది. "తమ్మీ, మీ బావ గొంతు పోయినంకనే నాతోని మాట్లాడుతుండు" అన్నది ఒకపారి నాతోని. గట్ల ఉండంగ పటాన్‌చెరుల ఒక చిన్న కెమికల్ షెడ్డు గేటు కాడ కూసునే పని దొరికింది. లారీ నంబరు రాసుకునుడే, మాటతోని పని లేదు. తూటుతోని కెమికల్ కాడికి పోకు అని మా అక్క పాడె బొమ్మ గీసింది. ఇనలే. ఇంట్ల కూసుంటె ఆఫీసరెట్ల అయితడు.

ఎండకాలం, మధ్యాన్నం. షెడ్డు ఎనక గోడకు ఆనుకోని రేకుల రూములు వరుసగ ఉన్నయి, నైట్ డ్యూటీ చేసిన బిహారోళ్లు తలుపులు పెట్టుకోని కూలర్లు ఏసుకోని పండిండ్రు. లోపల పైపు జాయింటు పలిగింది. గ్యాసు పొగ లెక్క లేస్తదనుకుంటరు, లేవదు, నేల మీదనే పాకుతది. లోపలోళ్లు అవుతలి గేటుకెల్లి ఉరికిండ్రు. సైరన్ ఉన్నది, మోగదు. మా బావ రోడ్డు మీదికి పోతె అయిపోతుండె, గేటు రోడ్డు మీదనే ఉన్నది. పోలే. రూముల దిక్కు ఉరికిండు. తలుపులు బాదిండు, కూలర్ల సప్పుడుకు ఒక్కడు లేస్తలేడు. ఇనుప సుత్తెను ఆపిన మనిషి, బిడ్డా. నోరు తెరిస్తె గాలి గూడ వస్తలేదు. గప్పుడు ఇంటికి ఫోన్ కలిపిండు. కలిపి పుల్లతోని ఒకటే కొట్టుడు, టక టక టక టక, అవు గాదు, కాదు గాదు. మా అక్క, "ఏమైందయ్యా? పడ్డవా? ఎవరన్న కొట్టిండ్రా?" అన్నది. టక టక టక. ఇగ ఆమె ఆగుతదా, "ఎవ్వరు లేరార ఆడ? సచ్చిండ్రా అందరు? మా ఆయనకు గొంతు లేదుర, బయటికొచ్చి సూడుండ్రి!" అని ఒర్రుడు షురూ చేసింది. మా బావ స్పీకర్ బటన్ ఒత్తి, ఫోను కిటికీలకు ఆనిచ్చుకుంట వరుసంత తిరిగిండు. బిహారోళ్లకు తెలుగు రాదు. మా అక్క తిడ్తె తెలుగు రానక్కర లేదు. అండ్ల ఒకాయన తర్వాత నాతోని అన్నడు, "చాచా, ఐసా లగా కి మేరీ మా గాంవ్ సే ఆ గయీ మార్‌నే కో." వాళ్ల అమ్మనే కొట్టనీకె ఊరికెల్లి వచ్చిందనుకున్నడంట. తలుపు తీసిండ్రు, వాసన తాకింది, లుంగీల మీదనే రోడ్డుకు ఉరికిండ్రు. ఒక్కడు గూడ మిగలలే రూములల్ల. మా బావ ఆఖరు రూము కాడ పడ్డడు. ముక్కున్నోళ్లకు జెర ఆగుతది, గాయనకు తూటుకెల్లి సక్కగ లోపలికే పోయింది. వాళ్లే ఎత్తుకోని ఆటోల ఏసిండ్రు. మా అక్క అప్పటికి గూడ ఫోన్ల ఒర్రుతనే ఉన్నదంట. మల్ల చెప్పులు లేకుండ మా ఇంటికి ఉరికొచ్చింది, నేను స్కూటర్ తీసిన.

కంపెనోడు చిన్న లీకేజ్ అన్నడు. పేపర్ల రాలే. బిహారోళ్లు ఇంటికొచ్చి మా అక్క కాళ్లు మొక్కిండ్రు. ఆమె ఎనకకు జరిగి, "నేనేం జేసిన అయ్యా, మా ఆయన కోసం మిమ్ముల తిట్టిన" అన్నది. దవాఖానల ఉన్నన్ని దినాలు ఫోనుకు ఛార్జింగ్ పెట్టాలెనని ఎవ్వలకు యాదికి లేదు. బొమ్మలన్ని తుడుసుక పోయినయి. సూర్యప్రకాశరావు సారు వచ్చి సూసి, ఇగ అవి రావమ్మా అన్నడు. మా అక్క, "పోనియ్యి సారు, అండ్ల నేనంత బర్రెనే" అన్నది.

ఊపిరితిత్తులు మళ్ల సక్కగ కాలే. ఏడాది పైనే బతికిండు, మంచంలనే. ఆఖరికి పుల్ల పట్టనీకె గూడ చేతకాలే. మా అక్క పక్కన కూసోని ముచ్చట చెప్తుంటది, గాయన సూస్తుంటడు. ఆ దినం నేను గూడ ఆడనే ఉన్న, గడప కాడ. ముత్యమ్మ కోడలు మేక పిల్లను అమ్మి, అత్తకు చెప్పకుండ చీర కొన్న ముచ్చట చెప్తుంది. అత్త లెక్క, కోడలు లెక్క, మేక లెక్క, అన్ని గొంతులు మార్సి చెప్తది ఆమె. ఆఖరుకు మేక ఇంటికి తిరిగొచ్చి చీర నమిలింది. చెప్పి తానే నవ్వి, మొఖం సూసింది. గాయన లేడు. ఎప్పుడు పోయిండో తెల్వదు. ఏడ్వలే ఆమె. నా దిక్కు తిరిగి, "తమ్మీ, ఏడిదాక ఇన్నడో గద" అన్నది. అంత ఇన్నడక్కా అన్న నేను. "అంత ఇంటె నవ్వుతుండె గదరా. మేక తిరిగొచ్చుడు ఆఖరుకు ఉండె" అన్నది.

...

గా మోటరు బంద్ చెయ్యి బిడ్డా, ట్యాంకు నిండినట్టున్నది, నీళ్లు గోడెంబడి కారుతున్నయి.